గడప దాటి లోపలికొచ్చిన నేల

ఇంటి నమూనాలు గీసే సాఫ్ట్‌వేర్లు వాడేవారికి ఏదో ఒకనాడు ఒక వింత ఎదురవుతుంది. గోడలు లేస్తాయి, కప్పు పడుతుంది, కిటికీలు అమరుతాయి. అంతవరకూ అంతా సవ్యమే. ఆ ఇంటి చుట్టూ స్థలపు ఎత్తుపల్లాలను చేర్చి త్రిమితీయ దృశ్యం తెరవగానే పచ్చగడ్డి గడప దాటి హాల్లోకి వచ్చి కూర్చుంటుంది. వంటగది గచ్చు మీద మట్టిరంగు మచ్చలు మిణుకుమిణుకుమంటాయి. సెల్లారు నిండా మన్ను కనిపిస్తుంది. ఒక్కోసారి ఇల్లు ఒక మూల భూమిలో కూరుకుపోయి, ఎదుటి మూల గాలిలో తేలుతుంది.

దీనిని సాఫ్ట్‌వేరు లోపమని విసుక్కొని, ఏదో ఒక మీట నొక్కి నేలను దాచేసి ముందుకు సాగిపోవడం పరిపాటి. అయితే ఈ లోపం వెనుక రెండు వందల యాభై ఏళ్ళ చరిత్ర ఉంది. నేలను గీసే విద్య ఒక చోట పుట్టింది, ఇంటిని గీసే విద్య మరొక చోట పుట్టింది. రెండూ చాలాకాలం ఒకదాని మొహం ఒకటి చూడకుండానే పెరిగాయి. కంప్యూటరు వాటిని ఒకే తెర మీదికి తెచ్చేసరికి అతుకు బయటపడింది. ఆ అతుకు ఎక్కడుందో తెలిస్తే దిద్దుబాటు తేలిక. తెలియకపోతే బొమ్మ బాగుపడుతుంది గాని ఇల్లు బాగుపడదు. ఇంటి యజమాని ఆ బొమ్మను నమ్మే డబ్బు ఖర్చు పెడతాడు కనుక, ఈ తేడాను కాస్త నిదానంగా చూడవలసి ఉంది.

పటంలో ఇల్లు ఒక చుక్క

1774లో స్కాట్లండులోని షిహాలియన్ అనే కొండ దగ్గర నెవిల్ మాస్కెలైన్ ఒక ప్రయోగం చేశాడు. కొండ తన ఆకర్షణతో తూకపు గుండును ఎంత పక్కకు లాగుతుందో కొలిచి, దాని నుండి భూమి సాంద్రతను రాబట్టాలన్నది సంకల్పం. అందుకు కొండ ఘనపరిమాణం తెలియాలి. ఆ లెక్క ఛార్లెస్ హట్టన్ అనే గణితవేత్త మీద పడింది. సర్వేయర్లు తెచ్చిన ఎత్తుల అంకెలు కుప్పతెప్పలుగా ఉన్నాయి. వాటిలో సమానమైన ఎత్తు గల బిందువులను కలుపుతూ అతడు గీతలు గీశాడు. కొండను నిలువు స్తంభాలుగా ఊహించుకొని ఒక్కొక్కదాని పరిమాణాన్ని కూడాడు. ఫలితం 1778లో వెలువడింది. నీటి లోతులకు ఇటువంటి గీతలు గీయడం అప్పటికే హాలండు, ఫ్రాన్సు దేశాలలో ఉంది. కొండకు వాడిన తొలి ఉదాహరణలలో మాత్రం ఇదే ప్రసిద్ధమైనది. మన భూగోళ పాఠాలలోని సమోన్నత రేఖలు, అంటే కాంటూరు గీతలు, ఇవే.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటుంది. హట్టన్‌కు కావలసింది కొండ బొమ్మ కాదు, కొండలోని పదార్థం. అతని దృష్టిలో నేల దళసరి గల వస్తువు. తరువాతి కాలపు పటాలలో గీతలు మిగిలాయి, దళసరి పోయింది. నేల అంటే పైపొర అన్న భావం స్థిరపడింది.

మన దేశంలో ఈ పని 1802 ఏప్రిల్‌లో మద్రాసు దగ్గరి సెయింట్ థామస్ మౌంట్ వద్ద విలియం లాంబ్టన్ కొలిచిన ఆధారరేఖతో ఊపందుకొంది. ఆ త్రిభుజాల వల ఉత్తరంగా పాకి నిజాం రాజ్యాన్ని దాటింది. 1815లో బీదరు సమీపాన మరొక ఆధారరేఖ కొలిచారు. చదునైన ప్రాంతాలలో దూరపు గురుతులు కనబడడానికి కొండలు లేకపోతే సర్వేయర్లు గుళ్ళ గోపురాలెక్కారు. 1808లో తంజావూరు బృహదీశ్వరాలయం మీదికి సుమారు అరటన్ను బరువున్న థియొడొలైటును లాగుతుండగా తాడు తెగి, ఆ యంత్రం గోడకు కొట్టుకొని దెబ్బతిన్నది. అంతటి ఆలయమూ సర్వే పుస్తకంలో ఒక బిందువుగా, ఒక కోణంగా మిగిలింది. పటం గీసేవాడికి కట్టడంతో అంతకు మించి పని లేదు.

ప్లానులో నేల ఒక గీత

ఇంటి ప్లాను గీసేవాడి సంగతి దీనికి సరిగ్గా తిరగేసిన కథ. అతని కాగితం మీద గోడ మందం అంగుళాలతో సహా ఉంటుంది, మెట్ల లెక్క ఉంటుంది, కిటికీ పైన లింటెలు ఉంటుంది. నేల మాత్రం నిలువుకోతలో ఒక అడ్డగీత. దాని పక్కన సున్నా అని రాసి ఉంటుంది. ఆ గీత కింద పునాది, పైన బేస్‌మట్టం. స్థలం తూర్పు నుండి పడమరకు మూడడుగులు వాలి ఉన్నా కాగితం మీది గీత చలించదు.

అలాగైతే ఇన్ని ఇళ్ళు ఎలా నిలిచాయి? కాగితంలో లేనిదాన్ని మేస్త్రీ స్థలంలో నింపుకొన్నాడు. నీళ్ళు నింపిన పారదర్శకపు గొట్టాన్ని ఒక మూల నుండి మరో మూలకు మోసుకుపోయి ఒకే మట్టం గురుతు పెట్టాడు. రసమట్టం పెట్టి రాతివరసను సరిచూశాడు. పల్లపు వైపు బేస్‌మట్టం ఎత్తు పెంచాడు, మెరక వైపు తవ్వించాడు, వాననీరు గోడకు ఆనకుండా వాలు ఇచ్చాడు. సర్వే పటానికీ ఇంటి ప్లానుకూ మధ్య ఉన్న ఖాళీని పూడ్చినది అతని కన్ను, చెయ్యి. ఆ ఖాళీ ఎవరికీ కనబడకపోవడానికి కారణం కూడా అదే.

రెండూ కలిసిన ఒకే చోటు

కంప్యూటరుకు ముందు నేలా కట్టడమూ ఒకే కాగితం మీద ఖచ్చితంగా కలవవలసి వచ్చిన సందర్భం ఒకటి ఉంది. అది కోట. ఎదుటి మెరక మీద నిలిచిన శత్రువుకు లోపలి భాగం కనబడకుండా, గుళ్ళు నేరుగా లోపల పడకుండా ప్రాకారం ఎంత ఎత్తు కట్టాలి? కొండల ఎత్తులు తెలియకుండా గోడ ఎత్తు తేలదు. ఫ్రాన్సులోని మెజియర్ సైనిక ఇంజనీర్ల పాఠశాలలో దీనికి పేజీల కొద్దీ అంకగణితం చేసేవారు. 1760ల మధ్యలో గాస్పర్ మోంజ్ అనే యువకుడు ఆ పనిని జ్యామితితో తేల్చేశాడు. ఇంత త్వరగా తేలడం అసంభవమని పైఅధికారి మొదట ఆ కాగితం చూడడానికే ఒప్పుకోలేదని చెబుతారు. చూసిన తరువాత ఆ పద్ధతిని సైనిక రహస్యంగా దాచారు. 1795లో గాని మోంజ్ దానిని పారిస్‌లో బహిరంగంగా బోధించలేకపోయాడు. ఇంజనీరింగ్ విద్యార్థులు మొదటి ఏడాది కుస్తీపట్టే డ్రాయింగు పాఠాలకు మూలం ఈ వివరణాత్మక జ్యామితే.

కోటలకు కుదిరిన ఆ సంధి మామూలు ఇళ్ళకు దిగలేదు. సామాన్యుడి ఇంటికి అంత లెక్క ఎవరూ కట్టలేదు, మేస్త్రీ ఉన్నాడు గనుక కట్టవలసిన అవసరమూ పడలేదు.

యంత్రంలోకి రెండు దారులు

కంప్యూటరులోకి నేల ముందు వచ్చింది, బొమ్మ తరువాత వచ్చింది. 1958లో అమెరికాలోని ఎం.ఐ.టి.కి చెందిన ఛార్లెస్ మిల్లర్, లాఫ్లామ్ కలిసి 'డిజిటల్ టెర్రైన్ మోడల్' అనే భావనను ప్రతిపాదించారు. వారి గురి రహదారులు. ఎక్కడ ఎంత మట్టి తవ్వాలి, ఎక్కడ ఎంత పోయాలి అన్నది యంత్రం లెక్కకట్టాలి. ఆ తరువాత అయిదేళ్ళకు, 1963లో, అదే సంస్థలో ఐవన్ సదర్లండ్ 'స్కెచ్‌ప్యాడ్' చేశాడు. కాంతికలంతో తెర మీద గీతలు గీసే ఆ కార్యక్రమం నేటి ఇంటి నమూనాల సాఫ్ట్‌వేర్లన్నిటికీ ముత్తాత. ఒకదానిలో నేల అంకెల పట్టిక, మరొకదానిలో కట్టడం గీతల సమాహారం.

1970లలో నేలకు త్రిభుజాల చొక్కా తొడిగారు. కెనడాలోని సైమన్ ఫ్రేజర్ విశ్వవిద్యాలయంలో థామస్ ప్యూకర్ బృందం, కొలిచిన బిందువులను త్రిభుజాలుగా కలిపి భూతలాన్ని చూపే పద్ధతిని వృద్ధి చేసింది. ఏ మూడు బిందువులను కలపాలన్న ప్రశ్నకు జవాబు రష్యా గణితవేత్త బోరిస్ డెలోనే 1934లోనే ఇచ్చి ఉన్నాడు. త్రిభుజపు మూడు శీర్షాల గుండా వృత్తం గీస్తే దాని లోపల మరో బిందువు పడకూడదు. ఈ నియమం వలన సన్నటి చీలికల్లాంటి త్రిభుజాలు వీలైనంత తగ్గుతాయి.

నియమం బహు చక్కనిదే, కాని అందులో ఇంటి ప్రసక్తి లేదు. ఒక ఉదాహరణ చూద్దాం. ఇంటి ముందు గోడ దగ్గర నేల ఎత్తు 100.0 మీటర్లు, 12 మీటర్ల అవతల వెనుక గోడ దగ్గర 101.5 మీటర్లు. గచ్చు మట్టం 100.6. మధ్యలో కొలత ఏదీ లేదు. త్రిభుజం ముందు నుండి వెనక్కు ఏటవాలుగా పరుచుకొంటుంది. ముందు గోడకు 4.8 మీటర్ల దూరాన అది గచ్చును తాకుతుంది, అక్కడి నుండి గచ్చుకు పైన ఉంటుంది. వెనుక గదిలో 90 సెంటీమీటర్ల ఎత్తున మట్టిదిబ్బ తేలుతుంది. గడ్డి హాల్లోకి రావడమంటే ఇదే. యంత్రం తనకు చెప్పినదే గీసింది. ఆ రెండు బిందువుల మధ్య ఒక ఇల్లుందని దానికి ఎవరూ చెప్పలేదు.

దీనికి సరైన మందు ఇంటి చుట్టుకొలతను 'బ్రేక్‌లైన్' చేయడం, అంటే త్రిభుజాలేవీ దాటకూడని గట్టు గీయడం. ఆ గట్టు వెంబడి నేల ఎంత ఎత్తున ఉండాలో మనమే చెప్పాలి. ఇటువంటి నిర్బంధాలతో త్రిభుజాలల్లే గణితం 1980లలో స్థిరపడింది.

మిణుకుమనే గచ్చు

మచ్చలు మిణుకుమనే జబ్బు వేరు, దాని పుట్టుక వేరు. రెండు వస్తువులలో ఏది ముందు, ఏది వెనుక అన్నది యంత్రానికి తెలియడం తొలి రోజుల్లో పెద్ద సమస్య. 1974లో యూటా విశ్వవిద్యాలయంలో ఎడ్విన్ కాట్మల్, అదే ఏడాది బెర్లిన్‌లో వోల్ఫ్‌గాంగ్ ష్ట్రాసర్ విడివిడిగా ఒక మొరటు పరిష్కారం చెప్పారు. తెర మీది ప్రతి చుక్కకూ రంగుతో పాటు లోతును కూడా గుర్తుపెట్టుకోవాలి. కొత్త వస్తువు అంతకన్నా దగ్గరైతే పాతదాన్ని చెరిపి రాయాలి. దీనికే జెడ్-బఫర్ అని పేరు. ఆనాటి మెమరీ ధరలకు అది దుబారాగా తోచింది. నేడు ప్రతి గ్రాఫిక్ కార్డులోనూ ఉన్నది అదే.

గచ్చు, నేల సరిగ్గా ఒకే మట్టంలో ఉంటే దగ్గరిది ఏదో తేలదు. లెక్కలోని చిల్లర తేడాలను బట్టి ఒక చుక్కలో గచ్చు, పక్క చుక్కలో గడ్డి గెలుస్తాయి. కెమెరా కదిలితే గెలుపోటములు తారుమారవుతాయి. పైగా ఈ లోతు కొలత అన్ని దూరాలలో ఒకేలా ఉండదు. 24 బిట్ల జెడ్-బఫరులో, కెమెరాకు 10 సెంటీమీటర్ల నుండి గీయడం మొదలుపెట్టమని హద్దు పెడితే, 100 మీటర్ల దూరాన సుమారు 6 మిల్లీమీటర్ల తేడాను అది గుర్తిస్తుంది. 1000 మీటర్ల దూరాన 60 సెంటీమీటర్ల లోపు తేడా దానికి తెలియదు. హద్దును ఒక మీటరుకు జరిపితే ఆ 60 కాస్తా 6 అవుతుంది. 1997 నాటి ఓపెన్‌జీఎల్ 1.1 కూర్పు, ఇటువంటి తలాలలో ఒకదాన్ని లెక్కలో కొంచెం వెనక్కు నెట్టే సౌకర్యం ఇచ్చింది.

సాఫ్ట్‌వేరు వాడేవారికి ఇంతకన్నా మంచి చికిత్స ఉంది. ఏ ఇల్లూ నేలమట్టానికి గచ్చు పెట్టుకోదు. బేస్‌మట్టం ఎంత ఎత్తో అంత ఇచ్చేస్తే తగవు దానంతటదే తీరిపోతుంది. ఆ మిణుకు, గచ్చు ఎత్తు ఇంకా నిర్ణయించలేదన్న హెచ్చరిక కూడాను.

గొయ్యి, పీట, దిమ్మ

ఇంటి సాఫ్ట్‌వేర్లు ఈ అతుకును మూడు విధాలుగా దిద్దుతూ వచ్చాయి.

మొదటిది గొయ్యి, అంటే ఇల్లున్నంత మేర నేలను గీయకపోవడం. చీఫ్ ఆర్కిటెక్ట్‌లో, కట్టడంతో ఖండించుకొనే నేలను దాచమని ఒక ఎంపికే ఉంది. స్వీట్ హోమ్ త్రీడీలో నేల మామూలుగా ఒక చదును పలక. సున్నాకు దిగువన అంతస్తు పెట్టి గది గీస్తే అక్కడ నేలకు కన్నం పడుతుంది. సెల్లారులోని మన్ను ఈ విధంగా తొలగిపోతుంది.

రెండవది పీట, అంటే ఇంటి కింద చదును చేసి, దాని అంచుల నుండి అసలు నేల దాకా వాలు కల్పించడం. 2000లో వెలువడిన స్కెచప్‌కు తరువాత చేరిన 'స్టాంప్' పనిముట్టు ఇంటి పాదాన్ని నేల మీద ముద్ర వేస్తుంది. అదే 2000లో మొదలైన రెవిట్‌లో 'బిల్డింగ్ పాడ్' ఉండేది. పీట వేస్తే నేల నిజంగా మారుతుంది, మారినంత మేర మట్టి లెక్క వస్తుంది.

మూడవది దిమ్మ. 2023లో వచ్చిన రెవిట్ 2024 కూర్పు పాత పైపొరను, పాడ్‌నూ పక్కనపెట్టి, నేలను దళసరి గల ఘనంగా చేసింది. ఆ మరుసటి ఏడు తవ్వకపు సాధనం కూడా చేరింది. ఘనం గనుక దానిని కోయవచ్చు, తవ్వవచ్చు, తీసిన మట్టిని కొలవవచ్చు. హట్టన్ స్తంభాలు పేర్చి కొలిచిన కొండ సుమారు రెండు వందల నలభై అయిదేళ్ళకు ఇంటి నమూనాలోకి తిరిగి వచ్చిందన్నమాట.

సున్నా ఎక్కడ?

ఇల్లు తేలిపోవడం, కూరుకుపోవడం మరొక వారసత్వం. ఇంటి ప్లానుకు సున్నా అంటే గచ్చో, వీధో. సర్వేకు సున్నా అంటే సగటు సముద్రమట్టం. మన దేశంలో ఆ మట్టాన్ని తొమ్మిది రేవుల్లో సముద్రపు పోటుపాట్లు కొలిచి 1909లో స్థిరపరిచారు. వాటిలో విశాఖపట్నం ఒకటి. హైదరాబాదు నేల ఆ సున్నాకు 500 మీటర్లకు పైచిలుకు ఎత్తున ఉంది. సున్నా మట్టాన గీసిన ఇంటికి హైదరాబాదు సర్వే నేలను తెచ్చి కలిపితే ఇల్లు పాతాళానికి పోక ఏమవుతుంది? మరేదీ ముట్టుకోకుండా ముందుగా రెండు సున్నాలనూ కలపాలి.

ఉపగ్రహాల నుండి తెచ్చిన నేలతో ఇంకో చిక్కు. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ వ్యోమనౌక రాడారుతో భూమిని కొలిచింది. 2005లో ఇస్రో పంపిన కార్టోశాట్-1 జంట చిత్రాల నుండి హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రం ఎత్తుల పటాలు చేసింది. ఇటువంటివాటిలో ఉచితంగా దొరికే వివరం సుమారు 30 మీటర్లకు ఒక అంకె. 30 మీటర్ల చదరం అంటే 1076 గజాలు. 200 గజాల స్థలాలు అయిదింటికి కలిపి ఒక్క ఎత్తు. అదీ నేల ఎత్తు కాకపోవచ్చు. రాడారు కిరణం మేడ మీదో చెట్టు మీదో తగిలి తిరిగిపోతుంది. పక్కింటి కప్పులో కొంత మన నేలలో కలిసి దిబ్బగా కనిపిస్తుంది. స్థలంలో నాలుగు మూలలా గొట్టంతో మట్టం చూసి రాసుకొన్న నాలుగు అంకెలు దీనికన్నా విలువైనవి.

దాచడమా, దిద్దడమా

ఇప్పుడు వరుస స్పష్టమే. మొదట సున్నాలు కలపాలి. తరువాత బేస్‌మట్టం ఎత్తు ఇవ్వాలి. ఇంటి చుట్టూ గట్టు గీసి నేల ఎత్తులు చెప్పాలి. ఆపైన పీటో దిమ్మో వేసి వాలు కల్పించాలి. సెల్లారు ఉంటేనే గొయ్యి. దాచే ఎంపిక చిట్టచివరిది.

అనుభవంలో జరిగేది తలకిందులు. దాచే మీట ముందు నొక్కుతారు, గడ్డి మాయమవుతుంది, బొమ్మ శుభ్రపడుతుంది. ఇందాకటి ఉదాహరణలో వెనుక గదిలోని 90 సెంటీమీటర్ల మన్ను తెర మీద పోయింది గాని స్థలంలో అలాగే ఉంది. గోడ అవతల అది నిలిచే ఉంటుంది, తొలకరి వానకు నీరు ఆ గోడకే ఆనుతుంది. పల్లపు స్థలమైతే ఖర్చు రూపంలో తేలుతుంది. 200 గజాల స్థలాన్ని సగటున 60 సెంటీమీటర్లు లేపాలంటే 100 ఘనపు మీటర్ల మట్టి కావాలి. ట్రాక్టరుకు 3 ఘనపు మీటర్లు అనుకొంటే ముప్పై మూడు పైచిలుకు ట్రాక్టర్లు. బొమ్మ చూసి ముచ్చటపడిన యజమానికి ఈ లెక్క పని మొదలయ్యాక గాని తెలియదు.

గడప దాటి వచ్చిన నేల తప్పుగా కనిపించినా, చాలాసార్లు అది చెప్పేది నిజం. ఇక్కడ తవ్వాలి, ఇక్కడ పోయాలి, ఇటు నీరు వస్తుంది అని అది ముందుగా చెబుతోంది. వెనుకటి రోజుల్లో ఈ మాట మేస్త్రీ చెప్పేవాడు. ప్లానులన్నీ తెర మీదే ముగిసిపోతున్న కాలంలో ఆ గడ్డిమచ్చను ఒక్క క్షణం అలాగే ఉండనిచ్చి, అది ఎంత ఎత్తున ఉందో కొలిచి, ఆ తరువాత దిద్దడం మేలు.

రసమట్టం, బేస్‌మట్టం వంటి మాటలు మన మేస్త్రీల నోట ఇంకా ఎన్నో ఉన్నాయి. మీ ప్రాంతంలో మెరకపల్లాలకూ మట్టాలకూ వాడే పలుకుబళ్ళు గుర్తుంటే తెలియజేయండి. నిఘంటువులకెక్కని ఆ మాటలను ఒకచోట చేర్చుకొందాం.